రాత్రి బజారులో తిండి: మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల నుంచి ఒక సామాజిక చరిత్ర

మదనపల్లెలో రాత్రి ఎనిమిది గంటలకు బస్సు దిగారనుకోండి. రోడ్డు పక్కన తోపుడు బండి, దాని మీద బాణలి, కాగే నూనెలో మిరపకాయ బజ్జీలు. పక్క బండిలో పెనం మీద కారం దోసె. ఇంకో బండిలో ఉల్లిపాయ, టమాటా తరిగి కలిపిన మసాలా బొరుగులు. మీరు డబ్బులిచ్చి, కాగితం పళ్లెం అందుకుని, పేరు తెలియని మనుషుల మధ్య నిలబడి తింటారు. వండినవారి కులం అడగరు. పక్కన నిలబడి తింటున్నవారి ఊరు అడగరు.

రోజూ చేసే పని కాబట్టి ఇందులో చరిత్ర ఏముందని మీకు అనిపించవచ్చు. బజ్జీ రుచి గురించి మీకు చెప్పవలసిన అవసరం లేదు. ఈ పాఠంలో మనం పరిశీలించేది ఆ ‘అడగకపోవడం’ గురించి. ముక్కూమొహం తెలియని మనిషి చేతి వంటను నలుగురిలో నిలబడి తినడం ఎప్పటి నుంచి మామూలు విషయమైంది?

ఆధారాలు ఏం చెబుతున్నాయి?

డబ్బిచ్చి భోజనం చేయడం తెలుగునాట కొత్త కాదు. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్న ‘క్రీడాభిరామం’ ఓరుగల్లు నగరాన్ని వర్ణిస్తుంది. (ఇది శ్రీనాథుడిదే అనేవారూ ఉన్నారు; ఆ వివాదం మనకిక్కడ అవసరం లేదు.) అందులో ఊరు చూడవచ్చిన మిత్రులు రూక ఇచ్చి పూటకూళ్ల ఇంట భోజనం చేస్తారు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఈ కావ్యాన్ని చారిత్రక ఆధారంగా విరివిగా వాడుకున్నారు. మీరు గమనించవలసింది ఒకటుంది. పూటకూళ్ల ఇల్లు నాలుగు గోడల మధ్య ఉండే ఇల్లు. వండినవారు ఎవరో తెలిసిన తర్వాతే తినేవారు ఆకు ముందు కూర్చునేవారు.

సాయంకాలపు బజారుకూ పాత ఆధారం ఉంది. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అక్కడి ఒక వీధిలో ప్రతి సాయంత్రం సంత జరిగేదని, గుర్రాలతో పాటు నిమ్మ, నారింజ, ద్రాక్ష వంటి పండ్లు, తోట పంటలు, కట్టెలు అమ్మేవారని రాశాడు. మన మూడు పట్టణాలున్న ప్రాంతం కూడా ఆ సామ్రాజ్యంలోనిదే. అయితే ఆ వాక్యంలో కనిపించేవి పండ్లు, కూరలు, కట్టెలు. అంటే ఇంటికి తీసుకువెళ్లి వండుకునే సరుకులే ఎక్కువ.

ప్రయాణికుడి పొయ్యి

ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా ఉన్న ఉద్యోగి. ఆయన 1830 మే 18న బయలుదేరి, తిరుపతి, కడప మీదుగా కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ చదివితే, మజిలీ మజిలీకి ఒకే రకమైన వివరాలు కనిపిస్తాయి. ఈ ఊళ్లో అంగళ్లున్నాయా? సామాను దొరుకుతుందా? నీళ్లెలా ఉన్నాయి? దిగడానికి చోటుందా? పరివారంతో, గుడారాలతో కదిలిన ప్రయాణం అది. పొయ్యి కూడా ప్రయాణికుడితో పాటే కదిలేది. దారిలో దొరికే వండిన తిండి మీద ఆధారపడే అలవాటు ఆ వర్గానికి లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ గ్రంథం రాసింది పల్లకీలో కూర్చున్నవారు, పల్లకీ మోసిన బోయీలు కాదు. ఒక వర్గం నియమాలను సమాజం మొత్తానికి అంటగట్టడం చరిత్ర విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు.

రైలు వచ్చాక ఏం మారింది?

1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరు దాకా రైలు మార్గం పూర్తయింది. కుప్పం ఆ దారిలోనే ఉంది. రైలు గుడారాన్నీ పొయ్యినీ ప్రయాణం నుంచి తప్పించింది. ఒకే బల్ల మీద అపరిచితులను కూర్చోబెట్టింది. కాని తిండి, నీళ్ల దగ్గర కట్టుబాట్లు రైలెక్కి స్టేషన్ దాకా వచ్చాయి. బ్రిటిష్ పాలన చివరి దశలో కూడా దేశంలోని చాలా స్టేషన్లలో హిందువులకు వేరు, ముస్లింలకు వేరు తాగునీరు ఉండేది. పట్టణాల్లో కాఫీ హోటళ్లు పెరిగినప్పుడు కులం పేరు బోర్డు మీదికి ఎక్కింది. హోటల్ బోర్డు మీద ‘బ్రాహ్మణ’ అనే మాట ఉండరాదంటూ మద్రాసులో పెరియార్ ఆందోళన నడిపింది 1957లో. అప్పటికి రాజ్యాంగం వచ్చి ఏడేళ్లు గడిచాయి.

ఆ రాజ్యాంగం 15వ అధికరణంలో అంగళ్లు, హోటళ్లలోకి ప్రవేశాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నదని గుర్తుంచుకోండి. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం ఇంకొక అడుగు వేసి, హోటల్లో అందరికోసం ఉంచిన పాత్రలను వాడుకోనివ్వకపోవడం కూడా నేరమంది. చట్టం గ్లాసు గురించి, పళ్లెం గురించి మాట్లాడవలసి వచ్చిందంటే రోగం ఎక్కడుందో ఊహించుకోవచ్చు. టీ అంగడిలో రెండు రకాల గ్లాసులు పెట్టే దురాచారం ఆ తర్వాత కూడా చాలా పల్లెల్లో కొనసాగింది.

తోపుడు బండికి లోపలి గది లేదు, వేరు వరుస లేదు. తిని పారేసే ఆకు దొన్నె, కాగితం పళ్లెం పాత్ర తగాదాను చప్పుడు లేకుండా దాటేశాయి. దీన్ని సమానత్వ సాధన అనవచ్చా? పూర్తిగా అనలేమని నా అభిప్రాయం. ఎంగిలి పాత్ర సమస్యను పరిష్కరించడం వేరు, పాత్రే లేకుండా చేయడం వేరు.

మూడు పట్టణాలు, మూడు రాత్రులు

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె కడప జిల్లా నుంచి, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చి కలిశాయి. వాటి రాత్రి బజార్లకు కారణాలు కూడా వేరువేరు. మదనపల్లెకు టమాటా మార్కెట్టే ఆధారం. రైతులు, హమాలీలు, ఇతర రాష్ట్రాలకు సరుకు తీసుకువెళ్లే లారీ డ్రైవర్లు వేళకాని వేళ తినవలసినవారు. కుప్పానికి రైలే జీవనాడి. బెంగళూరులో పనిచేసి రాత్రి బండికి తిరిగివచ్చేవారి ఆకలి అక్కడి వ్యాపారాన్ని నడుపుతుంది. తెలుగు, తమిళం, కన్నడం ఒకే బండి దగ్గర వినిపిస్తాయి.

పుంగనూరుకు రైలు లేదు. ఆ ఊరి పేరు చెబితే పొట్టి ఆవులు గుర్తుకు వస్తాయి గాని, మనకు కావలసింది సుగుటూరు గంగమ్మ జాతర. జమీందార్ల కోట ఆవరణతో ముడిపడిన ఈ జాతరలో అమ్మవారి పేరే ఆ వంశాన్ని గుర్తుచేస్తుంది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. జాతర, జాతర రాత్రుల అంగళ్లు మిగిలాయి.

బండి మీది వస్తువుల వయసు

‘మన పాత తిండి’ అనే మాటను కూడా పరీక్షించాలి. మిరపకాయ, టమాటా, చెనక్కాయ మూడూ అమెరికా ఖండాల పంటలు. పోర్చుగీసువారి రాక తర్వాతే మనకు చేరాయి. సంగటి చేసే రాగి కూడా వేల ఏళ్ల కిందట తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చింది. గోబీ మంచూరియాకు మూలమైన చికెన్ మంచూరియన్‌ను 1975లో బొంబాయిలో నెల్సన్ వాంగ్ తయారుచేశాడని చెబుతారు. అందులో వాడే హానికర కృత్రిమ రంగులను 2024 మార్చిలో కర్ణాటక నిషేధించింది. కుప్పం దాటితే ఆ రాష్ట్రమే.

బండివారి హక్కు ఇంకా కొత్తది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారుల ప్రతినిధులు ఉండాలి; వారిలో మూడో వంతు మహిళలు కావాలి.

అభ్యాసం: మీ ఊళ్లో పదేళ్లకు పైగా రాత్రి బండి నడుపుతున్న ఒకరితో, వారు ఒప్పుకుంటేనే, రద్దీ తగ్గిన తర్వాత మాట్లాడండి. పేరు రాయవద్దు. బండి ఎవరు మొదలుపెట్టారు, స్థలం ఎలా దొరికింది, ఎప్పుడెప్పుడు ఖాళీ చేయించారు, మొదట్లో ఏ వీధివాళ్లు వచ్చి తినేవారుకాదు అని అడగండి. 2023 జులైలో కిలో టమాటా వంద రూపాయలు దాటినప్పుడు చట్నీలో ఏం వేశారో కూడా అడిగి రాసుకోండి.