అంబాసిడర్ మరమ్మతు: తీగ లాగితే కదిలే డొంక

పాత కారు బాగుచేయించబూనినవారికి, తీగ లాగితే డొంకంతా కదలడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఇంజను హెడ్ గ్యాస్కెట్ కాలిపోయింది, మార్చితే సరిపోతుందనుకుంటారు. హెడ్ విప్పాక అది వంగిందని తెలుస్తుంది. చదును చేయడానికి పంపిస్తే వాల్వు సీట్లు అరిగిపోయాయని కబురొస్తుంది. వందలతో మొదలైన పని వేలు దాటి లక్షలకు చేరుతుంది. ఈ ఖర్చును యజమాని వ్యామోహం మీదకో, మెకానిక్కు ఆశ మీదకో నెట్టడం మనకు అలవాటు. కానీ అంబాసిడర్ విషయంలో ఢిల్లీ నిర్ణయాలకూ ఇందులో వాటా ఉంది.

బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా ఆధారంగా బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1957లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో ఈ కారు తయారీ ప్రారంభించింది. దిగుమతి ఆంక్షలు, లైసెన్సుల విధానం కలిసి పోటీని నామమాత్రం చేశాయి. పోటీ లేని కంపెనీకి నమూనా మార్చవలసిన అగత్యం ఏముంటుంది? ఏళ్ల తరబడి నిరీక్షణ రూపంలో, నాసిరకం తయారీ రూపంలో కొనుగోలుదారు దానికి మూల్యం చెల్లించాడు. అయితే ఆ స్తబ్ధతకు మరో ముఖమూ ఉంది. దశాబ్దాల పాటు పెద్దగా మారని బండికి విడిభాగాలు చిన్న పట్టణంలోనూ దొరికాయి. వీధి చివరి షెడ్డులో దాని ఇంజను దించి ఎక్కించగల చేతులు తయారయ్యాయి. చౌక మరమ్మతు ఆనాటి విధానం అనుకోకుండా ఇచ్చిన ఫలం.

1983లో మారుతి వచ్చింది. 1993లో కార్ల తయారీకి లైసెన్సు నిబంధన తొలగింది. 2014 మే నెలలో ఉత్తర్‌పాడాలో ఉత్పత్తి నిలిచిపోయింది. 2017లో అంబాసిడర్ పేరును ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో 80 కోట్ల రూపాయలకు కొన్నది. పేరుకు కొనుగోలుదారు దొరికాడు. విడిభాగాలకు, షెడ్లలోని నైపుణ్యానికి వారసుడు దొరకలేదు.

అరిగిన ఆ వాల్వు సీట్ల సంగతి చూడండి. పాత 1489 సీసీ ఇంజను సీసం కలిసిన పెట్రోలు కాలానికి చెందినది. ఆ సీసమే వాల్వు సీట్లను అరుగుదల నుంచి కాపాడేది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మాలన్నారు. పిల్లల ఆరోగ్యం దృష్ట్యా అది నూటికి నూరుపాళ్లు సరైన నిర్ణయం. దాని ఫలితంగా పాత హెడ్‌లో గట్టి లోహపు సీట్లు కొత్తగా బిగించవలసి వస్తున్నది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తున్నది. పాత రబ్బరు గొట్టాలు, సీళ్లు దానికి తట్టుకునేలా తయారైనవి కావు. వాటినీ మార్చాలి.

బాడీ సంగతి మరింత చిక్కు. ఈ కారుకు లారీకి ఉన్నట్టు విడి ఛాసిస్ లేదు. బాడీయే బరువంతా మోస్తుంది. అడుగురేకు తుప్పుపడితే పైపై అతుకు చాలదు. సీట్లు, వైరింగు తీసి వెల్డింగు చేయాలి, ఆపైన రంగు వేయాలి. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజి వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజనులలో చెప్పుకోదగ్గ మార్పులు జరిగి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు. తుప్పు రేకు కోసి కొత్త రేకు అతికిస్తే అది మరమ్మతా, మార్పా? గీత ఎక్కడ గీయాలో తెలియక యజమాని అధికారి ముందు నిలబడవలసిందే.

ఇది పాత కార్ల మోజున్న కొద్దిమంది గోడు మాత్రమే కాదు. మరమ్మతు హక్కుపై 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కమిటీ వేసినప్పుడు అందులో వాహనాలను కూడా చేర్చింది. నేటి కార్లలో లోహంతో పాటు సాఫ్ట్‌వేరూ ఉంది. దాని తాళం కంపెనీ చేతిలో ఉంది. నమూనా ఆగిపోయాక ఎన్నేళ్లు విడిభాగాలు ఇవ్వాలి, మరమ్మతు వివరాలు వీధి మెకానిక్కుకు అందాలా వద్దా అన్నవి చట్టం తేల్చవలసిన ప్రశ్నలు. లైసెన్సుల రాజ్యం మళ్లీ రావాలని ఎవరూ కోరనక్కరలేదు. అది పొరపాటున ఇచ్చిన సౌకర్యాన్ని ప్రజాస్వామ్యం తెలిసి ఇవ్వాలని కోరడం మాత్రం న్యాయమే.