గురువారపు సాయంకాలము

పిల్లలతో కూర్చోవడానికి తీరిక ఏదీ అని అనేకమంది తల్లిదండ్రులు అంటుంటారు.

ఇంగ్లాండులోని ఎప్‌వర్త్ అనే ఊరిలో సుసన్నా వెస్లీ అనే తల్లి ఉండేది. ఆమె కన్న 19 మందిలో 9 మంది పసితనములోనే చనిపోయారు. 1705లో, సంఘకాపరియైన భర్త సామ్యూల్ అప్పుల వలన చెరసాల పాలయ్యాడు. 1709లో ఇల్లు కాలిపోయింది. ఐదేళ్ల జాన్‌ను కిటికీలోనుండి బయటికి తీశారు.

ఇన్ని శ్రమలలోను ఆమె వారములో ప్రతి బిడ్డకూ ఒక సాయంకాలము కేటాయించింది. ఆ బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకొని దేవుని సంగతులు మాట్లాడేది. జాన్ వంతు గురువారము.

ఏళ్లు గడిచాయి. 1732లో ఆక్స్‌ఫర్డునుండి జాన్ తల్లికి ఉత్తరము వ్రాస్తూ, ఆ గురువారపు సాయంకాలములో కొంచెము సమయము మరల తనకోసం ఇమ్మని బ్రతిమాలాడు. అప్పటికి ఆయన వయస్సు 28 సంవత్సరాలు! తరువాత మెథడిస్టు ఉద్యమానికి నాయకుడైన జాన్ వెస్లీ ఈయనే.

ఇంటిలో కూర్చున్నప్పుడే బిడ్డలకు దేవుని మాటలు నేర్పాలని ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయము బోధిస్తున్నది. సహోదరీ, సహోదరుడా, నీ వారములో నీ బిడ్డ వంతు ఏ సాయంకాలము?

దేవుడు మీ కుటుంబములను దీవించును గాక! ఆమేన్.