వెలుగు పెరిగితే ఆకు పని పెరుగుతుందా?

ఆకు ఎండలోనే పనిచేస్తుందని తెలిసిన తొలిరోజుల్లోనే మరో ప్రశ్న పుట్టింది: ఎండ పెరిగేకొద్దీ ఆ పనీ పెరుగుతూనే పోతుందా? దీనికి జవాబు వెతికినవారు ఆకు లోపలి పనితీరునే వెలికితీశారు.

1779లో డచ్ వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌజ్ ఇంగ్లండ్‌లో ఆకులను నీటిలో ముంచి చూశాడు. ఎండ తగిలితే ఆక్సిజన్ బుడగలు వచ్చాయి, చీకట్లో ఆగిపోయాయి. నిప్పు సెగ తగిలినా రాలేదు. పనిచేయించేది వెలుగేనని, ఆకాశం తేటగా ఉన్నకొద్దీ పని చురుగ్గా సాగుతుందని ఆయన తేల్చాడు.

వేడి పాత్ర మాత్రం అంతటితో తేలిపోలేదు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో కేంబ్రిడ్జిలో గాబ్రియెల్ మాథేయి ఆకులపై జరిపిన ప్రయోగాల్లో, మసక వెలుతురులో ఉష్ణోగ్రత పెంచినా ఆ పని, అంటే కిరణజన్య సంయోగక్రియ, వేగం పెరగలేదు. వెలుగు పుష్కలంగా ఉన్నప్పుడు పెరిగింది. ఈ ఫలితాల ఆధారంగా 1905లో ఎఫ్.ఎఫ్. బ్లాక్‌మన్ ఒక సూత్రం చెప్పాడు: వెలుగు, కార్బన్ డయాక్సైడ్, ఉష్ణోగ్రతల్లో ఏది కొరతగా ఉంటే అదే వేగాన్ని కట్టడి చేస్తుంది. అంటే వెలుగుతో నడిచే దశ వెనక, వేడికి స్పందించే రసాయనిక దశ ఒకటి ఉండాలి.

1932లో అమెరికాలో రాబర్ట్ ఎమర్సన్, విలియం ఆర్నాల్డ్ క్లోరెల్లా అనే నాచుపై క్షణికమైన మెరుపులు ప్రసరింపజేశారు. మెరుపుల మధ్య చీకటి విరామం పెంచితే, ఒక్కో మెరుపుకు వెలువడే ఆక్సిజన్ పెరిగింది. చల్లబరిస్తే ఆ విరామం ఇంకా ఎక్కువ కావలసివచ్చింది. వెలుగు అందుకోవడం క్షణాల పని. దాన్ని వాడుకునే రసాయనిక చర్యలకే సమయం పడుతుంది. తీవ్రమైన ఎండలో వేగం ఒక స్థాయి దగ్గర నిలిచిపోవడానికి కారణం ఇదే.

ఆ స్థాయి అన్ని మొక్కలకూ ఒకటి కాదు. 1966లో ఆస్ట్రేలియాలో హాల్ హాచ్, రోజర్ స్లాక్ చెరకు ఆకుల్లో కార్బన్ డయాక్సైడ్‌ను ముందే పోగుచేసే మార్గాన్ని వివరించారు. అందుకే చెరకు, మొక్కజొన్న, జొన్న మిట్టమధ్యాహ్నపు ఎండను కూడా వాడుకోగలవు. వరి ఆకు అంతకు ముందే చాలనుకుంటుంది.

అయినా వరిచేనుకు ఎండ ఎక్కువైపోదు. పై ఆకుకు చాలిన వెలుగు, దాని నీడలోని ఆకులకు చాలదు. గోదావరి డెల్టాలో మబ్బుపట్టిన సార్వా (ఖరీఫ్) కన్నా దాళ్వా (రబీ)లో దిగుబడి బాగుండటానికి ఇదొక ముఖ్య కారణం. ఒక్క ఆకుకు వేసిన లెక్కను చేనంతటికీ వర్తింపజేయకూడదు; రైతుకు కావలసింది చేను లెక్క.