డాలరు గడియారం

పెట్టుకోవడం మానేసిన చవక వాచీల్ని ఏం చెయ్యాలి? ఒకప్పుడు ఈ ప్రశ్నే ఉండేది కాదు. గడియారమంటే తాత నుంచి మనవడికి చేరే ఆస్తి. బంగారం కేసున్నదైతే, ఆగిపోయినా కరిగిస్తే డబ్బులొచ్చేవి. ఆగిపోతే పనికిరాదు, అలాగని పారెయ్యడానికీ మనసొప్పదు అనే రకం వాచీ తర్వాత వచ్చింది. అది ఎక్కువగా తయారైంది ఇక్కడే, అమెరికాలో, కనెటికట్ రాష్ట్రంలోని వాటర్‌బరీ అనే ఊళ్ళో.

ఇత్తడి పనికి పేరున్న ఊరది. 1880లో అక్కడ పెట్టిన వాటర్‌బరీ వాచ్ కంపెనీ ఒక చవక జేబు గడియారం చేసింది. అందులో స్ప్రింగు పొడవు తొమ్మిది అడుగులట! కీ ఇవ్వడం మొదలెడితే ఎంతకీ అయ్యేది కాదని జనం జోకులేసుకునేవారు. బట్టల కొట్లవాళ్ళు సూటు కొంటే ఈ గడియారం ఉచితమన్నారు. దాంతో దానికున్న కాస్త మర్యాదా పోయింది. ఊరికే వచ్చినదాన్ని ఎవరు ఖాతరు చేస్తారు చెప్పండి?

తర్వాత ఇంగర్‌సాల్ సోదరులు వచ్చారు. అదే ఊళ్ళోని వాటర్‌బరీ క్లాక్ కంపెనీ చేత చేయించి, 1896లో 'యాంకీ' అనే జేబు గడియారాన్ని ఒక్క డాలరుకి అమ్మారు. అప్పట్లో అది ఒక కూలీకి సుమారు ఒక రోజు వేతనం. డాలరుకే పేరు తెచ్చిన గడియారమని ప్రకటనలు వేసుకున్నారు. మిల్లు కూతకి, రైలు వేళకి పరుగెత్తేవాడి జేబులో మొదటిసారి సొంత గడియారం చేరింది. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. అంతవరకూ టైము యజమాని గోడమీదే ఉండేది కదా!

అంత చవగ్గా ఎలా ఇచ్చారు? లోపల జ్యూయెల్స్ లేవు, భాగాలన్నీ మిషన్ మీద అచ్చు కొట్టినవి. బాగు చేయించే ఖర్చుతో కొత్తదే వస్తుంది. రిపేరుకి విలువలేని వస్తువు అలా మన జీవితాల్లోకొచ్చింది.

అయితే ఆ చవకకి ఇంకెవరో కూడా మూల్యం చెల్లించారు. మొదటి ప్రపంచయుద్ధం నాటికి చీకట్లో మెరిసే డయల్స్‌కి గిరాకీ పెరిగింది. ఆ అంకెల మీద రేడియం కలిపిన రంగు పూసేది ఎక్కువగా పదహారు, పద్దెనిమిదేళ్ళ ఆడపిల్లలు. కుంచె మొన సన్నగా రావడానికి పెదాలతో తడుపుకోమని వాళ్ళకి నేర్పారు. కొన్నేళ్ళకి దవడ ఎముకలు కుళ్ళిపోయాయి. న్యూజెర్సీలోని ఆరెంజ్‌లో, ఇల్లినాయ్‌లోని ఒటావాలో, ఈ వాటర్‌బరీలో కూడా కొందరు చనిపోయారు. గ్రేస్ ఫ్రయర్, మరో నలుగురు న్యూజెర్సీ కంపెనీ మీద దావా వేస్తే, 1928లో ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, ఏటా 600 డాలర్ల పింఛను, వైద్యం ఖర్చులు ఇచ్చేట్టు రాజీ కుదిరింది.

మన ఊళ్ళలో ఆటోల వెనక అంటించే 'రేడియం' స్టిక్కర్లలో రేడియమేమీ ఉండదు. ఈ గడియారాల్లో మాత్రం నిజంగానే ఉండేది, ఇప్పటికీ ఉంది. రేడియం సగం తరగడానికి 1,600 ఏళ్ళు పడుతుంది. మెరుపు పోయిందంటే అందులో కలిపిన మెరిసే పదార్థం అరిగిపోయిందనే అర్థం, రేడియం పోయిందని కాదు.

ఇంగర్‌సాల్ కంపెనీ దివాలా తీస్తే 1922లో వాటర్‌బరీ క్లాక్ కంపెనీయే దాన్ని కొనేసింది. ఆ కంపెనీయే తర్వాత టైమెక్స్ అయింది. 1960ల మొదట్లో అమెరికాలో అమ్ముడైన ప్రతి మూడు వాచీల్లో ఒకటి టైమెక్సేనంటారు. నగల షాపులవాళ్ళు ముఖం చాటేస్తే మందుల షాపుల్లో పెట్టి అమ్మారు. వాటిలోనూ చాలావాటికి లోపల రివెట్లే. విప్పితే మళ్ళీ బిగించడం కష్టం. వాటర్‌బరీలో 2001లో తెరిచిన టైమెక్స్ మ్యూజియం కూడా 2015లో మూతపడింది.

మన హెచ్‌ఎంటీ సంగతి వేరు. 1961లో జపాన్ సిటిజన్ సాయంతో బెంగుళూరులో మొదలైంది. 'జనతా' చవకదే, కానీ 17 జ్యూయెల్స్‌తో, విప్పి శుభ్రం చేసుకునేట్టు కట్టారు. కంటికి భూతద్దం పెట్టుకుని బజారులో కూర్చునే ఆయన ఎవరైనా బాగుచేసేవాడు. 2016లో కేంద్రం హెచ్‌ఎంటీ వాచెస్‌ని మూసేయాలని నిర్ణయించింది. వాచీలు మాత్రం ఇంకా నడుస్తున్నాయి. అల్లుడికి పెళ్ళిలో పెట్టిన ఆ వాచీ మనకి చవకగా కనిపించవచ్చు. పెట్టిన మామగారికి ఆ రోజు అది చవక కాదు.

ఇంతకీ సొరుగులో ఉన్నవాటిని ఏం చెయ్యాలి? అన్నీ ఒక సంచీలో పోసి గుడ్‌విల్ వాళ్ళకి ఇచ్చేసేముందు ఒకసారి వేరుచెయ్యండి. బ్యాటరీ వాచీలైతే అది కారి లోపలంతా పాడుచెయ్యక ముందే తీయించండి. తీసిన బిళ్ళ చిన్నపిల్లలకి అందనివ్వకండి, మింగితే ప్రాణం మీదకొస్తుంది. గరాజ్ సేల్లో కొన్న 1970కి ముందువి, అంకెల మీద గోధుమరంగుకి తిరిగిన పాత పూత ఉన్నవి అయితే విప్పకండి, గీకకండి, సైన్స్ ప్రాజెక్టుకని పిల్లల చేతికివ్వకండి. మూసి ఉన్నంతవరకూ భయపడక్కర్లేదు. వదిలించుకోవాలంటే మాత్రం చెత్తలో వేసే ముందు మీ రాష్ట్ర రేడియేషన్ విభాగం వాళ్ళనడగండి.

కీ ఇచ్చే హెచ్‌ఎంటీ అయితే నెలకోసారి కీ ఇవ్వండి. పెట్టుకుంటానన్నవాళ్ళుంటే ఇచ్చెయ్యండి. ఇచ్చేటప్పుడు అది ఎవరిదో, ఎప్పుడు వచ్చిందో ఒక చీటీ రాసి జతచెయ్యండి. వాచీ ఖరీదు తీసుకున్నవాళ్ళు కనుక్కోగలరు, మామగారి పేరు మాత్రం మనం చెబితేనే తెలుస్తుంది.