లింగమార్పిడి
ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ‘లింగమార్పిడి వ్యక్తులు’గా పేర్కొనే పత్రికా ప్రయోగం, శస్త్రచికిత్స జరిగినవారే ట్రాన్స్‌జెండర్లన్న అపోహకు తావిస్తున్నది. సంస్కృతంలో లింగమంటే గుర్తు, ఆనవాలు. తర్కశాస్త్రంలో కొండమీది నిప్పును ఊహింపజేసే పొగ కూడా లింగమే, అంటే తాను కనబడుతూ కనబడనిదాన్ని తెలిపేది. కాలక్రమంలో అది వ్యాకరణ విభాగానికీ, వాడుకలో దేహభాగానికీ పేరయింది. నోట్ల మార్పిడి, మూత్రపిండ మార్పిడి అన్నచోట మార్పిడి ఒకదాని స్థానంలో మరొకదాన్ని ఉంచడాన్ని చెబుతుంది గనుక, ఈ రెండూ కలిసిన సమాసం పాఠకుణ్ణి నేరుగా ఆపరేషన్ గదిలోకి తీసుకుపోతుంది. ‘ట్రాన్స్’ అనే లాటిన్ ఉపసర్గకు ఆవల అని, ‘జెండర్’కు మూలమైన ‘జెనుస్’కు జాతి, రకం అని అర్థం, పుట్టుకలో నమోదైన లింగానికీ తమకు తాము ఎరిగిన లింగత్వానికీ పొంతన లేనివారిని ఆ మాట సూచిస్తుందే తప్ప, చికిత్స ప్రసక్తి అందులో లేదు. ఇలాంటివారికి వాడుతూ వచ్చిన పాత మాటల్లో, పురుషుడు కాడని మాత్రమే చెప్పే ‘నపుంసకుడు’ తిట్టుగా దిగజారడం వింత కాదు. ఫసలీ 1329 (సుమారు క్రీ.శ. 1919) నాటి హైదరాబాద్ సంస్థాన చట్టం, స్త్రీ వేషంతో వీధిలో కనబడిన ‘నపుంసకుల’ను వారంటు లేకుండా అరెస్టు చేయనిచ్చింది, తెలంగాణ హైకోర్టు దాన్ని 2023లో గాని కొట్టివేయలేదు. లింగత్వ గుర్తింపుకు శస్త్రచికిత్సను షరతుగా పెట్టరాదని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15 నాటి తీర్పులో స్పష్టం చేసింది కాబట్టి, ‘లింగమార్పిడి’ని శస్త్రచికిత్సకే పరిమితం చేసి, వ్యక్తులను ట్రాన్స్‌జెండర్లనడమే సరైన వాడుక.