బానెట్టు ఎత్తే ముందు

మారేడుమిల్లి నుంచి గుడిస కొండ మీదికి తెల్లవారకముందే జీపులు బయలుదేరతాయి. సూర్యోదయం చూడాలని వచ్చినవాళ్ళని ఎక్కించుకుని, రాళ్ళూ గోతులూ నిండిన దారిలో చాలాసేపు మొదటి గేరులోనే ఎక్కుతాయి. బండి నెమ్మదిగా కదులుతుంది గనక రేడియేటరుకి ఎదురుగాలి సరిగా తగలదు. ఇంజను మాత్రం ఉన్న బలమంతా పెడుతూనే ఉంటుంది. ముందు నుంచి ఆవిరి కనపడితే అనుభవమున్న డ్రైవరు బండి పక్కకి తీసి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రం కింద రాయి పెట్టి, దూరంగా నిలబడతాడు. సొంత థార్‌లో వచ్చిన కుర్రాళ్ళకి ఆ ఓపిక ఉండదు. బానెట్టు ఎత్తీ ఎత్తగానే రేడియేటరు మూత మీద చెయ్యి వేయబోతారు. "చెయ్యెట్టకండి బాబూ, ఉడికిపోద్ది" అని ఎవరో ఒకరు అరవాలి.

ఆ అరుపు వెనక దాదాపు ఎనభై ఐదేళ్ళ కథ ఉంది. ఇవాళ బానెట్టు కింద వేలికి తగిలే రెండో గొళ్ళెం, బానెట్టుని నిలబెట్టే ఊచ, రేడియేటరు మీద స్ప్రింగు మూత, వీటిలో ప్రతిదీ ఒక ఇబ్బందిని తీర్చడానికి పుట్టిందే.

మోటారు కార్ల తొలిరోజుల్లో ఇంజను మీది రేకుకి నడుమ పొడవునా కీలు ఉండేది. కుడి పక్క పని ఉంటే కుడి రేకు, ఎడమ పక్క పని ఉంటే ఎడమ రేకు మడిచేవారు. పందెం కార్లలో రేకు ఎగిరిపోకుండా తోలు బెల్టుతో కట్టేవారు. 1930లలో ముందు నుంచి పైకి లేచే ఒకే రేకు వాడుకలోకి వచ్చింది. మనం జీపు మీద చూసే బానెట్టు రూపం తేలింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధంలో.

1940లో అమెరికా సైన్యం నాలుగు చక్రాలూ లాగే తేలిక బండి కావాలని కంపెనీలకి కబురు చేసింది. గడువు చాలా తక్కువ. బాంటమ్ అనే చిన్న కంపెనీ కార్ల్ ప్రోబ్స్ట్ అనే ఇంజనీరు చేత బొమ్మ గీయించి, సెప్టెంబరు 23న మొదటి బండిని మేరీలాండ్‌లోని క్యాంప్ హోలాబర్డ్‌లో అప్పగించింది. దాని ముందుభాగం గుండ్రంగా ఉండేది. తరవాత ఫోర్డ్ తెచ్చిన 'పిగ్మీ' అనే నమూనాకి ఇంజనులో పస లేదుగానీ, బానెట్టు మాత్రం వెడల్పుగా, బల్లపరుపుగా ఉంది. హెడ్‌లైట్లని రెక్కల (మడ్‌గార్డుల) మీద నుంచి తీసి జాలీ వెనక భద్రంగా పెట్టారు. పోటీలో ఉన్న మరో కంపెనీ విల్లీస్ బండికి 60 గుర్రాల శక్తిగల గట్టి ఇంజను ఉంది. సైన్యం విల్లీస్‌ని ఎంచుకుని, ఫోర్డ్ బానెట్టు పోలికని దానికి తగిలించింది. 1941 నుంచి యుద్ధం ముగిసేదాకా ఆరు లక్షలకి పైగా జీపులు ఆ రూపంలోనే బయటికొచ్చాయి.

ఆ బానెట్టు తెరవడానికి తాళం అక్కర్లేదు, డ్రైవరు సీటు దగ్గర మీట ఉండదు. వెనక, అద్దం దగ్గర అడ్డంగా కీలు. ముందు రెండు పక్కలా రెక్కలకి బిగించిన స్ప్రింగు గొళ్ళేలు. బయట నిలబడ్డవాడు రెండూ విప్పి, రేకుని వెనక్కి తోసి, ముందద్దం చట్రానికి ఆనిస్తాడు. చేతికి తొడుగులున్నా, చీకటైనా, బురదలో ఉన్నా పని జరగాలన్నది ఆనాటి లెక్క. నాకు అన్నిటికంటే నచ్చే ఏర్పాటు హెడ్‌లైట్లది. వాటి వెనక రెక్కల మర వదులు చేస్తే దీపం మొత్తం వెనక్కి తిరిగి ఇంజను మీద వెలుగు పడుతుంది. రాత్రివేళ టార్చి పట్టుకునే మనిషి లేకపోయినా మరమ్మతు చేసుకోవచ్చు. యుద్ధం అయ్యాక పౌరులకి అమ్మిన జీపుల్లో ఈ సదుపాయం ఎత్తేశారు. అడవి దారుల్లో బళ్ళు తోలేవాళ్ళకి అది పెద్ద నష్టమే.

1945లో లూధియానాలో ఉక్కు వ్యాపారంతో మొదలైన మహీంద్రా కంపెనీ, 1947లో విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బిగించే పనికి దిగింది. తరవాత మన రోడ్ల మీద స్థిరపడింది సీజే-3బీ. 1953లో అమెరికాలో వచ్చిన ఈ మోడల్‌లో కొత్త ఇంజను ఎత్తుగా ఉండటంతో, దాన్ని ఇమడ్చడానికి బానెట్టునే పైకి లేపారు. అందుకే మన పాత జీపుల ముఖం అంత పొడుగ్గా కనిపిస్తుంది. అమెరికాలో 1968లో దాని తయారీ ఆగిపోయినా, మన దగ్గర ఆ అచ్చు, దాని పిల్లలూ మరికొన్ని దశాబ్దాలు బతికాయి. మేజర్, కమాండర్, మార్షల్ పేర్లు ఏజెన్సీలో ఇప్పటికీ ఇంటిపేర్లలా వినిపిస్తాయి.

  గోకవరం దాటి రంపచోడవరం వైపు వెళితే, బస్సు పోని ఊళ్ళకి సర్వీసు జీపే దిక్కు. లోపల నిండాక జనం వెనక వేలాడేవారు, టాపెక్కేవారు, చివరికి బానెట్టు మీదా కూర్చునేవారు. ఆ బరువుకి రేకు సొట్టపడేది, గొళ్ళెం కొక్కేనికి సరిగా అందేది కాదు. స్ప్రింగు సడలిన గొళ్ళెం గోతిలో పడ్డ కుదుపుకి ఊడివచ్చేది. ట్యూబు ముక్కో, ఇనప తీగో చుట్టి బండి నడిపేవారు. కీలు వెనక ఉంది గనక వేగంలో గాలి రేకు కిందకి దూరితే అది లేచి అద్దానికి కొట్టుకుంటుంది. డ్రైవరుకి దారి మాయం. ఘాట్ రోడ్డు మలుపులో అలా జరిగితే ఎన్ని ప్రాణాలు పోతాయో వేరే చెప్పాలా?

ఆగి ఉన్న జీపులోనూ ఇంకో ముప్పు ఉంది. అద్దానికి ఆనించిన రేకుని పట్టి ఉంచేది దాని బరువే. వేసవి సాయంత్రం ఏటిగట్టు మీద వెనకగాలి ఒక్కసారి విసిరితే అది ముందుకి వచ్చి, వంగి పనిచేస్తున్నవాడి నడుం మీద పడుతుంది. తెలిసినవాళ్ళు ముందుగానే దాన్ని అద్దం చట్రానికి తాడుతో కట్టేస్తారు. ఇది ఏ పుస్తకం చెప్పిందీ కాదు, దెబ్బలు తిన్నవాళ్ళు నేర్పింది.

బండి నడుస్తుండగా బానెట్టు లేచిపోవడం అన్ని దేశాల్లోనూ ఉన్న బాధే. అమెరికా ప్రభుత్వం 113వ నంబరు భద్రతా ప్రమాణం పెట్టి, 1969 జనవరి 1 నుంచి అమలుచేసింది. ముందు నుంచి తెరుచుకుని డ్రైవరు చూపుకి అడ్డొచ్చే బానెట్టుకి రెండో గొళ్ళెం గానీ, గొళ్ళేనికి రెండో మెట్టు గానీ ఉండి తీరాలన్నది దాని సారాంశం. ఇవాళ లోపల మీట లాగగానే రేకు రెండు వేళ్ళ సందు లేచి ఆగిపోయేది ఈ రెండో కొక్కెం వల్లే. బయటికి వచ్చి, ఆ సందులో వేళ్ళు పెట్టి, మధ్యలోనో కాస్త పక్కకో ఉండే చిన్న మీటని తప్పిస్తేనే పూర్తిగా తెరుచుకుంటుంది. అది విసుగు పుట్టించే పనిలా అనిపించవచ్చు. దాన్ని విరగ్గొట్టి వదిలేసిన బళ్ళు చూస్తే నాకు భయమేస్తుంది. ఇప్పటి జీప్ రాంగ్లర్‌లో పాత తరహా పక్క గొళ్ళేలు రెండూ ఉన్నాయి, వాటికి తోడు ముందు మధ్యలో భద్రతా కొక్కెమూ ఉంది.

ఇక గుడిస దారిలో కుర్రాళ్ళు చెయ్యి వేయబోయిన మూత. మామూలుగా నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. వాతావరణ పీడనానికి మరో అంత పీడనం కలిపితే 120 డిగ్రీల దాకా మరగదు. అందుకే మూతకి స్ప్రింగు బిగించి, పీడనాన్ని లోపలే ఆపి, ఇంజనుకి ఎక్కువ వేడి ఓర్చే శక్తినిచ్చారు. వేడి మీద మూత తిప్పగానే ఆ పీడనం పోతుంది. లోపలి నీరు ఉన్నపళంగా ఆవిరై, మంట మీది కుక్కరు మూత బలవంతాన లాగినట్టు ముఖం మీదికి చిమ్ముతుంది. తడి గోనెసంచి కప్పి తిప్పడం పాత డ్రైవర్ల అలవాటు. ఒకప్పటి తక్కువ పీడనపు మూతలకి అది కొంతవరకు సాగిందేమో గానీ ఇప్పటి బళ్ళకి చాలదు. పై గొట్టం చేత్తో నొక్కితే మెత్తగా, చల్లగా తగిలేదాకా ఆగాలి. అందుకు అరగంట పైనే పట్టవచ్చు. అప్పుడు కూడా గుడ్డ కప్పి, మొదటి మెట్టు దాకా తిప్పి, బుస్సుమన్న చప్పుడు పూర్తిగా ఆగాకే మూత తీయాలి.

పాత జీపులో ఫ్యాను బెల్టుతో తిరిగేది, ఇంజను ఆగితే అదీ ఆగేది. ఇప్పటి బళ్ళలో కరెంటు ఫ్యాను తాళం తీశాక కూడా దానంతటదే తిరగొచ్చు. మెడలో తువ్వాలు, వేలాడే చున్నీ తీసేయకుండా వంగకూడదు. ఊచ దాని కన్నంలో పూర్తిగా కూర్చుందో లేదో రేకుని ఒకసారి కదిపి చూడాలి.

డెల్టాలో వరద సంగతి వేరే చెప్పుకోవాలి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల గోదావరి పారింది. 2022 జులైలోనూ 25 లక్షలు దాటింది. లంకల్లో మునిగిన బళ్ళు నీళ్ళు తీశాక బురదతో తేలతాయి. మెరక వెతుక్కునే పాములకి బానెట్టు కింది చోటు మంచి ఆశ్రయం. కర్రతో రేకు మీద తట్టి, కాసేపు ఆగి, దూరం నుంచి ఎత్తాలి. ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పాలి. తరవాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవాలి. లోపల తడి ఉంటే స్టార్టు చేయకూడదు. సిలిండరులో చేరిన నీరు గాలిలా అణగదు, కనెక్టింగ్ రాడ్డుని వంచేస్తుంది. బండిని ట్రాక్టరుతో మెకానిక్కు దగ్గరికి లాగించి, ఇంజెక్టర్లు విప్పించి, ఆ నీళ్ళు బయటికి పోయాకే తాళం తిప్పాలి.