ఎడమ – కుడి: రెండు దెబ్బల తాళం

కిందటి ఆగస్టు 15కి మా సెక్టారు తెలుగు పిల్లల చేత కవాతు చేయించమని కమిటీ వారు నన్ను పురమాయించారు. సుబేదారుగా రిటైరై భిలాయి చేరినవాడికి అదెంత పని అనుకున్నాను. తీరా చూస్తే స్పీకర్లో పెట్టిన పాటకు ఒక్కడి కాలూ కలవదు. తప్పు పిల్లలది కాదు, పాట మూడు లెక్కలది. బరువు దెబ్బ ఒకసారి ఎడమ కాలి మీద, మరుసారి కుడి కాలి మీద పడుతోంది. పైపు బ్యాండు వాళ్ళ దగ్గర మూడు లెక్కల బాణీలూ ఉన్నాయి గానీ కొత్తవాళ్ళకు అవి సాగవు.

మనిషికి కాళ్ళు రెండు, అందుకే కవాతుకు రెండు దెబ్బలు. మొదటిది బరువు. పెద్ద డ్రమ్ము, ఎడమ కాలు. రెండోది తేలిక. తేజ్ చల్‌లో నిమిషానికి 120 అడుగులు, అంటే ఎడమ కాలు 60 సార్లు. కర్ణాటక సంగీతంలో ద్రుతం, ఒక దెబ్బ ఒక విసురు, దీనికి దగ్గరిది. ఇక్కడో తిరకాసుంది. అమెరికాలో సూసా 1889లో కట్టిన వాషింగ్టన్ పోస్ట్ మార్చిలో లెక్క ఆరు. కానీ మూడేసి లెక్కలకు ఒక అడుగు కాబట్టి అదీ రెండు దెబ్బలదే. మనవాళ్ళు తిస్ర గతి అనేది ఇలాంటిదే. రిక్రూటుగా ఉన్నప్పుడు నేను ఆరూ లెక్కపెట్టబోయి కాలు తప్పి, మైదానం చుట్టూ పరుగెత్తాను. "గినో మత్, సునో" అన్నాడు ఉస్తాద్. లెక్కపెట్టకు, విను!

18వ శతాబ్దంలో ప్రష్యా సైన్యం తుపాకుల వరుస చెదరకుండా ఉండాలని అందరికీ ఒకే అడుగు నేర్పింది. ఆ విద్య ఇంగ్లీషు వాళ్ళతో మన పల్టన్లకు వచ్చింది. ధర్మశాల దగ్గర 1914లో పుట్టిన రామ్ సింగ్ ఠాకురీ గూర్ఖా పల్టను బ్యాండులో దాన్ని నేర్చుకున్నాడు. మలయాలో జపాను వాళ్ళకు చిక్కి, ఆజాద్ హింద్ ఫౌజులో చేరి, వంశీధర్ శుక్లా రాసిన 'కదమ్ కదమ్ బఢాయే జా'కు బాణీ కట్టాడు. తెల్లవాళ్ళు నేర్పిన అడుగు తెల్లవాళ్ళ మీదికే నడిచింది. వాళ్ళు రాజద్రోహమని నిషేధించిన ఆ పాటే 1947 తర్వాత మన సైన్యం కవాతు బాణీ అయింది. ఆయన 2002లో కన్నుమూశాడు.

మా నాన్నగారు శ్రీకాకుళం నుంచి ఇక్కడి ప్లాంటులో పనికి వచ్చినప్పుడు పెట్టెలో కోలాటం కర్రలు తెచ్చుకున్నారు. నేనూ ప్లాంటులోనే చేరాలని ఆయన ఆశ. ఫౌజుకు పోయినందుకు రెండేళ్ళు నాతో సరిగా మాట్లాడలేదు. ఆయన పోయాక ఆ కర్రలు అటక మీదే ఉండిపోయాయి. వాటిని దించి, స్పీకరు ఆపించి, గ్రౌండు మధ్య నిలబడి నేనే దెబ్బ వేశాను. మూడో రోజుకు ఎడమ కాళ్ళన్నీ కలిశాయి, చివరి వరుసలో ఒక బుడ్డోడిది తప్ప.